ఎండుపుల్ల పూచిన రాత్రి

ఈ సంచికకు ఏదైన వ్రాయుడని సంఘము పెద్దలు కోరినప్పుడు మేము కొంతకాలము వెనుకాడితిమి. తెలుగునాట పుట్టక, తెలుగు బడిలో చదువక, మూడు తరములుగా బరంపురములో నిలిచిపోయిన కుటుంబము మాది. కావ్యములను గూర్చి వ్రాయగల పాండిత్యము మాకు లేదు. శాసనములు చదువ నేర్వము. ముప్పది యేండ్లు కళాశాలలో వృక్షశాస్త్రము చెప్పి విశ్రాంతి పొందినవారము. కావున మాకు తెలిసిన మొక్కను గూర్చియే వ్రాయ సాహసించుచున్నాము. ఆ మొక్క మన దేశమున పుట్టదు. చూచుటకు అందమైనదియు కాదు. అయినను దానిని చూచిన నాటి రాత్రి మా యింటి లోపమొకటి మాకు తేటపడినది. చదువరులలో పెక్కుమంది యిండ్ల యందును అట్టి లోపమే యుండవచ్చునను తలంపుతో ఇది వ్రాయుచున్నాము.

ముందుగా మా పెరటిలోని మొక్కతో ఆరంభింతము. మా అమ్మగారు నూతి గట్టు ప్రక్కన మట్టి గోలెములో బ్రహ్మకమలమును పెంచిరి. వానకాలమున ఏదో యొక రాత్రి అది పూచెడిది. మొగ్గ ఉబ్బి తల యెత్తిన సాయంకాలమే అమ్మ వీధిలోనివారికందరికి కబురు పంపెడిది. ఒడియావారు, తెలుగువారు అను భేదము లేక ఇరుగుపొరుగు వారందరు పీటలు వేసికొని కూర్చుండెడివారు. నిద్రపోవుచున్న పిల్లలను లేపి, కన్నులు నులుముకొనుచుండగనే ఎదుట నిలిపెడివారు. పూవు విచ్చుకొన్న పిమ్మట అమ్మ హారతి యిచ్చి, అందరికిని పటికబెల్లము పంచెడిది. తెల్లవారుసరికి పూవు తడిగుడ్డవలె వ్రేలాడుచుండెడిది.

వృక్షశాస్త్రము చదివిన పిమ్మట మాకొక సంగతి తెలిసినది. మన యిండ్లలోని బ్రహ్మకమలము కమలము కాదు. హిమాలయములలో ఆ పేరుగల వేరొక మొక్క కలదు; అది ఉత్తరాఖండ రాష్ట్రపు పుష్పము. మన పెరటిది ఎపిఫిల్లమ్ అను కాక్టస్. మెక్సికో, మధ్య అమెరికా అడవుల నుండి దేశదేశములకు ప్రాకినది. ఆకువలె కనబడునది కూడ ఆకు కాదు, చదునుగా సాగిన కాండము. ఈ సంగతి అమ్మకు చెప్పగా ఆమె నవ్వి, "ఎక్కణ్ణుంచి వస్తేనేంరా, మన నూతి నీళ్ళు తాగి మనింట్లో పూస్తోంది. మనదే" అనినది. మేమును గంజాం జిల్లాకు అట్లు వచ్చినవారమే గదా!

ఇచ్చట ఒక చిన్న వివరణ అవసరము. మన ప్రాంతమున జెముడు అనునవి యన్నియు ఒక్క కుటుంబము కావు. గిల్లిన పాలు కారు బొమ్మజెముడు, ఆకుజెముడు మన దేశపు మొక్కలు. వాని వంశము వేరు. నాగజెముడు మాత్రము నిజమైన కాక్టస్. కాక్టసు ముండ్లు చిన్న మెత్తని దిండువంటి స్థానముల నుండి కుచ్చులుగా బయలుదేరును. అదియే దాని గుర్తు. ఈ కుటుంబమున సుమారు 1,500 జాతులు కలవు. ఆఫ్రికా, సింహళములలో కూడ సహజముగా కనబడు ఒక్క జాతి తప్ప మిగిలినవన్నియు అమెరికా ఖండములకే చెందినవి. నాగజెముడు విదేశీయుల వెంట మన దేశమునకు వచ్చి, చేలగట్ల నాక్రమించి, రైతును ఏడిపించినది. తుదకు 1926లో సింహళము నుండి తెచ్చిన ఒక చిన్న పురుగు దక్షిణ దేశమున దానిని అదుపులోనికి తెచ్చినది. ఒకే వంశమున పుట్టి, ఒకటి పీడయై, ఒకటి హారతి లందుకొన్నది. మూడవదానిని మేము 2018వ సంవత్సరపు వేసవిలో చూచితిమి.

మా అమ్మాయి 2006లో వివాహానంతరము అమెరికా వెళ్ళినది. ఇప్పుడు అరిజోనా రాష్ట్రమున టూసాన్ నగరమున కాపురము. ఆ నగరము సొనోరా ఎడారిలో ఉన్నది. ఎడారి యనగానే ఇసుక దిబ్బలు మా మనస్సున మెదలినవి. అచ్చట కనబడినవి రాతి నేల, పచ్చని పట్టగల చిన్న చెట్లు, చేతులెత్తి నిలిచిన మనుష్యులవంటి ఎత్తైన సగ్వారో కాక్టసులు. ఏడాదికి అచ్చట కురియు వాన సుమారు 300 మిల్లీమీటర్లు. మా బరంపురమున దానికి దాదాపు నాలుగింతలు కురియును. జూన్ మాసమున మధ్యాహ్నవేళ 40 డిగ్రీలు దాటిన యెండలో కాకి కూడ అరువదు.

నగరపు ఉత్తర భాగమున టోహోనో చుల్ అను ఉద్యానవనము కలదు. అచ్చటి మూలవాసుల భాషలో ఆ పేరునకు ఎడారి మూల అని యర్థము. అమ్మాయి, తొమ్మిదేండ్ల మనుమడు మమ్ము అచ్చటికి తీసికొనిపోయిరి. ఒక పొద ముందు నిలిపి, "నాన్నగారూ, ఇందులో ఒక కాక్టస్ ఉంది, చూడండి" అని అమ్మాయి అడిగినది. ముప్పది యేండ్లు మొక్కలను చూపి పాఠములు చెప్పిన మాకు పొద తప్ప మరేమియు కనబడలేదు. అద్దములు తుడిచికొని మరల చూచితిమి. మనుమడు వ్రేలు పెట్టి చూపినంతనే, కొమ్మల నడుమ చిక్కుకొన్న ఎండుపుల్ల యొకటి కనబడినది. అదియే మొక్క!

దాని శాస్త్రీయ నామము పెనియోసీరియస్ గ్రెగ్గియై. శాంటా ఫే దారిన వర్తకము చేసి, ఆ దేశములను గూర్చి 1844లో గ్రంథము ప్రకటించిన జోసయ్య గ్రెగ్ అనునాతని పేర 1848లో ఎంగెల్‌మన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు దీనికి నామకరణము చేసెను. ఇప్పటి ప్రజాతిలో దీనిని చేర్చినవారు బ్రిటన్, రోజ్ అను పండితులు. అది 1909 నాటి మాట. స్పానిష్ మాటాడువారు దీనిని రేయినా దె లా నోచె, అనగా రాత్రికి రాణి, అందురు. మన తోటలలోని రాత్రిరాణి కాదిది. అది వంగ, పొగాకు కుటుంబమునకు చెందిన పొద.

అరిజోనా, న్యూ మెక్సికో, పడమటి టెక్సాస్, ఉత్తర మెక్సికోలలో ఈ మొక్క ఉన్నది. అయినను ఎచ్చటను గుంపులుగా ఉండదు. ఇచ్చట నొకటి, దూరమున నొకటిగా నుండును. ఆ దేశమున పుట్టిపెరిగినవారిలోనే దీనిని చూడనివారు పెక్కుమంది. కాండము వ్రేలి లావు మాత్రమే. రంగు సీసపు రంగు. పొడవున నాలుగు మొదలు ఆరు వరకు కనుములు. ముండ్లు కాండమునకు అంటుకొన్నట్లు బహు చిన్నవి. మొదలు సన్నబడి కట్టెవలె గట్టిపడి యుండును. తనంతట తాను నిలువజాలక క్రియసోట్ పొదనో, ఇనుపకర్ర చెట్టునో ఆనుకొని పెరుగును. ఆ చెట్టు నీడ లేనిదే లేత మొక్కకు బ్రతుకు లేదు. ఎండ మాడ్చును, కుందేళ్ళు కొరికివేయును. ఎండుకొమ్మవలె కనబడుటయే దానికి రక్ష.

అయితే మొక్క యనునది పైన కనబడు పుల్ల కాదు. నేల క్రింద ముల్లంగి ఆకారమున పెద్ద దుంప యొకటి కలదు. సాధారణముగా అది 2 మొదలు 7 కిలోల బరువుండును. అంతకు మించిన దుంపలును కలవు. కురిసిన కొద్దిపాటి వానను ఆ దుంప త్రాగి దాచుకొనును. పైనున్న కాడ విరిగినను, జంతువు తినివేసినను, మంచుకు మాడినను, దుంప నుండి మరల చిగురు పుట్టును. ఏండ్ల తరబడి వాన వెనుదీసినను అది ఓర్చుకొనును. పైకి పేదవలె కనబడి లోన ధాన్యము నిలువచేసికొన్న సంసారి వంటిది.

ఇంకొక విశేషము కలదు. సామాన్య వృక్షములు పగలు తమ పత్రరంధ్రములను తెరచి గాలి పీల్చుకొనును. ఎడారిలో అట్లు చేసిన లోని తేమ యంతయు ఆవిరియైపోవును. కాక్టసులు పగలు తలుపులు బిగించుకొని, చల్లబడిన రాత్రివేళ తెరచును. రాత్రి గ్రహించిన బొగ్గుపులుసు వాయువును ఆమ్లముగా మార్చి కణములలో దాచుకొనును. తెల్లవారిన పిమ్మట తలుపులు మూసి, ఆ దాచినదానితోనే సూర్యరశ్మి సాయమున చక్కెర తయారుచేసికొనును. ఎండ పగటిదే యైనను దానికి సరకు సమకూర్చునది రాత్రియే.

ఈ రహస్యమును కనుగొన్న చరిత్రలో మన గోదావరి సీమలో పనిచేసిన వ్యక్తికి చోటున్నది. తూర్పు ఇండియా కంపెనీవారి సామర్లకోట తోటను చూచుచుండిన రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తాకు తరలిపోగా, ఆ పని బెంజమిన్ హైన్ అను వైద్యునికి చేరినది. ఆయన రణపాల ఆకును నమలి రుచి చూచెను. ఉదయమున పుల్లగా నున్నది. పొద్దెక్కిన కొలది పులుపు తగ్గి మధ్యాహ్నమునకు చప్పబడినది. సాయంకాలమునకు కొంచెము చేదెక్కినది. ఈ సంగతిని ఆయన లండనుకు వ్రాయగా 1815లో అచ్చటి లినియన్ సొసైటీ ప్రకటించినది. రాత్రి నిలువచేసిన ఆమ్లమే ఆ పులుపు. రణపాల కాక్టసు కాకున్నను ఈ రాత్రి వ్యాపారము దానికిని కలదు. పెరటిలో రణపాల యున్నవారు ఒకే ఆకునుండి ఉదయమొక తునక, మధ్యాహ్నమొక తునక పిల్లలచేత రుచి చూపించిన, పుస్తకము చెప్పలేనిది నాలుకయే చెప్పును.

ఇక పూవు మాట. వేసవి నడుమ ఈ ఎండుపుల్లకు ఒకటి రెండు మొగ్గలు వచ్చును. ఏ రాత్రి విచ్చునో ముందుగా రూఢిగా చెప్పుట కష్టము. అయితే ఒక చుట్టుప్రక్కలలోని మొక్కలు పెక్కు ఒకే రాత్రియో, దాని కటునిటు రాత్రులలోనో కలిసి పూచును. దీనికి కారణము కలదు. ఒక మొక్క పుప్పొడి అదే మొక్కకు పనికిరాదు. గింజ కట్టవలెనన్న మరియొక మొక్క నుండి రావలెను. మొక్కలా దూరదూరమున నున్నవి. ఒక్కొక్కటి తోచినప్పుడు పూచిన వంశమే నిలువదు. ఆ పుప్పొడిని మోయునవి చీకటిలో తిరుగు పెద్ద చిమ్మటలు. వాని నాలుక గడియారపు స్ప్రింగువలె చుట్టుకొని యుండి, సాచిన పూవు గొట్టపు అడుగు వరకు అందును. టొమాటో, పొగాకు మొక్కల ఆకులను తిను గొంగళిపురుగే రెక్కలు వచ్చిన పిమ్మట ఈ ఉపకారము చేయుచున్నదట! పండు ఎర్రనిది, చివర ముక్కువలె కొనదేలి యుండును. పక్షులు దానిని తిని, ఏదో పొదపై వ్రాలి గింజలను క్రింద విడుచును. అందుచేతనే లేతమొక్కకు నీడ దొరకుచున్నది.

ఉద్యానవనమువారు మొగ్గలను ప్రతిదినము పరిశీలించి, పూచునని నమ్మకము కలిగిననాడు ప్రజలకు తెలియజేయుదురు. మేమున్న దినములలో ఒక సాయంకాలము ఆ కబురు వచ్చినది. అల్లునికి ఆఫీసు పని యున్నందున మేమును, అమ్మాయియు, మనుమడును వెళ్ళితిమి. చీకటి పడుచుండెను. సన్నని దారుల వెంట జనము మెల్లగా, ఎవరును గట్టిగా మాటాడక నడచుచుండిరి. పూవు కంటబడకమునుపే తావి మమ్ము తాకినది. తీపి కలిసిన మత్తు వాసన. మలుపు తిరుగగానే మునుపు మాకు కనబడని ఎండుపుల్ల చివర, జానెడు గొట్టముపై, తెల్లని పూవు విప్పారి యున్నది. అరచేయంత వెడల్పు. లోపల లెక్కకు మించిన కేసరములు. పుల్లకును పూవునకును సంబంధమే లేనట్లుండెను. ఎవరో తెచ్చి గ్రుచ్చిరా అనిపించినది.

మాకు వెంటనే మా నూతి గట్టు, పీటలు, హారతి పళ్ళెము జ్ఞాపకము వచ్చినవి. అమ్మ 2011లోనే గతించినది. "మామ్మ ఉంటే పటికబెల్లం పంచేది" అని అమ్మాయి మెల్లగా అనినది. మనుమడు మా చేయి పట్టుకొని, "తాతా, దీన్ని తెలుగులో ఏమంటారు?" అని యడిగెను. వాడు మేము చెప్పునది గ్రహించి ఇంగ్లీషులో బదులిచ్చెడివాడు. అందులకు వచ్చిననాటి నుండి వానిని గద్దించుచుంటిమి. తానుగా తెలుగున ప్రశ్న వేయుట అదియే ప్రథమము. తెలుగులో దీనికి పేరు లేదంటిమి. వాడు కొంతసేపాలోచించి, "అయితే పుల్లరాణి" అనెను. మేము నవ్వితిమి. అంతకంటె మంచి పేరు మాకు ఇప్పటికిని తోచలేదు.

ఇల్లు చేరునప్పటికి నడిరేయి దాటినది. అమ్మాయి లోపలికి పోయి, ముఖ్యమైన కాగితములుంచు సంచి నుండి ఒక పాత కవరు తెచ్చి మా ముందుంచినది. దానిపై అమ్మ చేతివ్రాత! 2006లో విమానమెక్కు ముందు మామ్మ తన చేతికిచ్చిన ఉత్తరమనియు, పండ్రెండేండ్లుగా దాచుకొంటిననియు చెప్పినది. "ఏమి వ్రాసినది?" అంటిమి. "నాకు తెలుగు చదవడం రాదు కదండీ" అనినది.

చదువరులారా, ఆ మాట మాకు ముల్లువలె గ్రుచ్చుకొన్నది. మేము చదివినది ఒడియా బడి. పగలంతయు ఒడియా, ఇంటికి వచ్చిన పిమ్మట, రాత్రి, లాంతరు వెలుగున అమ్మ పలకపై తెలుగక్షరములు దిద్దించెడిది. నిద్ర వచ్చినను వదలెడిది కాదు. అట్లు నేర్చిన తెలుగుతోనే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. మా అమ్మాయి కాలమునకు ఇంగ్లీషు బడి, రెండవ భాషగా ఒడియా. ఇంట మాటాడుకొనుచునే యున్నాము గదా, అక్షరములు తరువాత చూతమని మేమనుకొంటిమి. పరీక్షపత్రములు దిద్దుకొనుటకు మాకు రాత్రులు దొరకినవి. పలక దిద్దించుటకు దొరకలేదు. అమ్మ పలుమారులు హెచ్చరించినది. అప్పటికి ఆమె చూపు మందగించుటచే తాను కూర్చుండి నేర్పలేకపోయినది. తుదకు ఉత్తరము వ్రాసినది. మనుమరాలు చదువజాలదని ఆమెకు తెలియదా? తెలిసియే వ్రాసినది. ఇన్నాళ్ళు మనుమనిని గద్దించిన మాకు, తప్పెవరిదో ఆ రాత్రి బోధపడినది.

ఫోటో తీసి పంపిన చదివి వినిపించెడివారము గదా యని యడిగితిమి. "ఇంకొకరు చదివితే వినడానికి కాదు నాన్నగారూ, నేనే చదవాలని దాచుకున్నాను. నేర్చుకోవడమే కుదరలేదు" అనినది. కవరు మా చేతి నుండి తీసికొని, "చదవొద్దు, నేర్పండి" అనినది.

మా తిరుగు ప్రయాణమునకు ఇంక ఆరు వారములు గడువున్నది. మరునాటి నుండి రాత్రి తొమ్మిది గంటలకు భోజనాల బల్లయే బడి. పగలు ఆమె ఉద్యోగమునకు, వాడు వేసవి శిబిరమునకు పోవుదురు. రాత్రి మాత్రమే తీరిక. నలువది యేండ్ల వయస్సుకు చేరువైన కుమార్తె అ ఆలు దిద్దుచుండగా చూచుట సులభమైన పని కాదు. గుణింతములు త్వరగానే పట్టుకొన్నది; వత్తులు ఏడిపించినవి. మనుమడు పండ్రెండు దినములు ఉత్సాహముగా కూర్చుండి, క గుణింతము వద్ద ఆగిపోయినాడు. వానిని ఈసారి గద్దించలేదు. వేరు నాటుకొనుటకు వ్యవధి పట్టును.

అయిదవ వారమున ఆమె ఉత్తరము విప్పినది. అక్షరమక్షరము కూడబలుకుకొనుచు చదువుటకు రెండు రాత్రులు పట్టినది. మేము మధ్య నోరెత్తలేదు. అందు గొప్ప సంగతులేమియు లేవు. బ్రహ్మకమలము కొమ్మ అక్కడ దొరికిన తెచ్చుకొమ్మనియు, ఇసుక కలిపిన మట్టిలో పైపైన నాటుమనియు, నీరెక్కువ పోయవద్దనియు, పూచిననాడు పిల్లలను నిద్రపోనీయవద్దనియు వ్రాసి యుండెను. క్రింద ఆశీర్వచనము. చదువుట ముగించి అమ్మాయి చాలసేపు ఏడ్చినది. ఆ తరువాత మరల మొదటినుండి చదివినది. ఈసారి తడబాటు తగ్గినది.

పుల్లరాణికి నేడు ప్రమాదములు లేకపోలేదు. దుంపకొరకు, అపురూపమను ఆశకొరకు త్రవ్వుకొనిపోవువారు కలరు. నగరములు పెరిగి, నీడనిచ్చు పొదలను నరికివేయుచున్నారు. పొద పోయిన పుల్ల నిలువదు. కాక్టసు జాతులలో 31 శాతమునకు అంతరించు ప్రమాదమున్నదని 2015లో వెలువడిన ఒక పరిశీలన తెలిపినది. అడవి మొక్కల వ్యాపారమును అదుపుచేయు అంతర్జాతీయ ఒప్పందము 1975 నుండి అమలులో నున్నది. కాక్టసు కుటుంబము దాదాపు సమస్తము దాని క్రిందికి వచ్చును. చట్టము త్రవ్వువాని చేతిని పట్టుకొనగలదు గాని, నీడనిచ్చు పొదను నాటజాలదు. ఆ పని అచ్చటివారే చేసికొనవలెను.

మన సంగతియు అంతియే. ఒడిశాలో గాని, కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్రలలో గాని స్థిరపడిన మన కుటుంబములు పగటిపూట ఆయా ప్రాంతముల భాషలతోనే బ్రతుకు గడుపవలెను. అది తప్పు కాదు. ఆ నేల నీడ లేక మనము నిలిచియుండెడివారము కాము. మిగిలినది రాత్రి. దీపము పెట్టిన పిమ్మట అరగంట, ఒక పలక, ఒక పెద్దదిక్కు చాలును. మేము ఆ అరగంటను పోగొట్టుకొని, పదునాలుగు వేల కిలోమీటర్ల కవతల, ఎడారి అంచున, మరల దొరకించుకొంటిమి. మీలో ఎవరును అంతదూరము పోనక్కరలేదు.

ఇప్పుడు ఆదివారము నాడు మనుమడు వీడియోలో కనబడి నాలుగు పంక్తులు చదువుచున్నాడు. క గుణింతము దాటినాడు. టూసాన్ ఇంటి వరండా నీడలో బ్రహ్మకమలపు కొమ్మ యొకటి నాటుకొన్నదనియు, ఇంకను పూయలేదనియు అమ్మాయి వ్రాసినది. ఆ మాట ఫోనులో చెప్పవచ్చును. కాని ఆమె కాగితముపై, తెలుగున, కొన్ని వత్తులు తప్పుగా వ్రాసి తపాలాలో పంపినది. ఆ ఉత్తరమును అమ్మ పటము వెనుక నుంచితిమి.